దేవుని పిడికెడు బియ్యం

వ్యాసర్పాడి నుంచి అన్న యాకోబు చెల్లెలు రూతమ్మకు రాసేది. ఇంట్లోకి వాననీళ్లు వచ్చి పోయాయి, మేము బాగానే ఉన్నాం.

ఆ రోజు వీధిలో ఎవరింటా పొయ్యి వెలగలేదు. దేవుడే లేడని వాదించే ఎదురింటి కేశవులు తన బియ్యమంతా మేడమీద వండి అందరికీ పెట్టాడు. మీ వదిన పూటకో పిడికెడు చర్చికని తీసిపెట్టిన బియ్యం మా కుండనిండా ఉంది. అది దేవుని సొత్తని నేను ముట్టనివ్వలేదు.

"నీ దేవుడికి ఆకలేస్తే ఈడికి రమ్మను యాకోబన్నా, కూడు మిగిలుండాది" అని కేశవులు ఎగతాళి చేశాడు.

ఆదివారం చర్చిలో అయ్యగారు ప్రసంగంలో వాణ్ణే మెచ్చుకున్నారు. ముందు వరసలో కూర్చుని తల నెరిసిన నన్ను ఏనాడూ మెచ్చలేదు. నా కడుపు మండిపోతోంది. దేవుణ్ణి ఎరగనివాడికి ఆ మంచిబుద్ధి ఎవరిచ్చారు? దేవుడే ఇచ్చుంటే, ఎరిగిన నన్ను దాటి ఎదురింటికి ఎందుకు పోయాడు? మీ ఊరి అయ్యగారిని అడిగి రాయి.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? చింతపండు పంపు.

రేపు ఆ కుండ నేనే కేశవులు ఇంటికి మోస్తాను. వాడు వండినదానికంటే పిడికెడైనా ఎక్కువ ఉండేట్టు మా బియ్యమూ కలపమని మీ వదినకు చెప్పాను. పిల్లలకు నా దీవెనలు. ఈసారైనా దేవుడు ఇటువైపు చూడనీ.