ఇప్పపువ్వు బస్తా మీద ఒక్క పేరు

ఏప్రిల్ 12, శనివారం. మణుగూరు.

ఇప్పపువ్వు ఏరేవాళ్ల మా సంఘం గోదాముకు ఏ సాఫ్ట్‌వేర్ కొనాలో సోమవారం నేనే తేల్చి చెప్పాలి. ఇవాళ ఒక కంపెనీ అతను వచ్చి, మా పాత రిజిస్టర్ చూసి ఇప్పపువ్వు బస్తాలకు బార్‌కోడ్ స్టిక్కర్లు అంటించాడు. చేతిలోని స్కానర్ పెడితే అది ఏరినవాళ్ల పేరు పైకి చదువుతుంది. మొదటి బస్తాకు “నాగమ్మ” అంది.

పక్కనే నిలబడ్డ సీతమ్మ, “మళ్ల పెట్టు సార్” అంది. మళ్లీ అదే పేరు.

“గిదేంది? నేను, నాగమ్మ, ఆమె కోడలు ముగ్గురం ఏరినం. మా పేర్లేవి?”

ఒకే చెట్టు కింద ఏరిన పువ్వును ఒకే బస్తాలో పోయడం ఇక్కడి పద్ధతి.

“బస్తాకు ఒక్క పేరే పడుతుందండీ” అన్నాడతను. నాకు ఒళ్లు మండింది. ఇంకో కంపెనీది ఎన్ని పేర్లయినా తీసుకుంటుంది గానీ సిగ్నల్ లేకపోతే పనిచేయదు. మా గూడేల్లో సిగ్నల్ ఎక్కడిది?

సీతమ్మ యంత్రాన్నే తిట్టుకుంటూ వెళ్లింది. ఆమెకు చదువు రాదు, రిజిస్టర్‌లో ఎవరి పేరుందో ఎప్పుడూ తెలియలేదు. రిజిస్టర్‌లో పేరున్నవాళ్లకే సంఘంలో ఓటు.

ఇన్నేళ్లూ బస్తాకు ఒక్క పేరే రాసింది నేను. యంత్రం దాన్ని పైకి చదివింది, అంతే.