వెనక వరస గుమ్మడికాయలు

చిరంజీవి సెలిసోకు,

నేను మాపులెంగ్‌ని, నీ తల్లిని. ఎర్రదుమ్ము కరువు ఏడాది పుట్టినదాన్ని, వయసు నువ్వే లెక్క వేసుకో. ఈ కొండ మీది ఇంట్లో నేను, నీ భార్య మాలింపో, నీ కూతురు ఉంటున్నాం. ముగ్గురం కులాసా. గనిలో పట్టుకున్న నీ దగ్గు తగ్గిందని తలుస్తాను.

ఈ ఉత్తరం రాస్తున్నది నీ భార్యే. ఫిర్యాదు కూడా ఆమె మీదే. అందుకని పక్కింటావిడ మాతుమెలోను దగ్గర కూర్చోబెట్టాను. రాసింది రాసినట్టు చదివి వినిపిస్తుంది.

గుమ్మడికాయలు మంచు పడకముందే కోశారా అని అడిగావు. "అత్తయ్యా, ఈ రాత్రికి మంచు పడేలా ఉంది, కోసేద్దాం" అని మాలింపో ఒకటే తొందర. తొడిమ ఎండని కాయ నిలవ ఉండదని నేనే ఆపాను. ఆ రాత్రి కొద్దిగా పడింది, కాయలు చూడ్డానికి బాగానే ఉన్నాయి. తొడిమలు పొడుగ్గా ఉంచి కోయించి, ఇంటికప్పు మీద ఎండకు గట్టిపడనిచ్చి, నా మంచం కింద గడ్డి పరిచి ఒకదానికొకటి తగలకుండా పేర్పించాను. వానలు పడేదాకా మనకు అవే తిండి.

ఇప్పుడు వెనక వరస పలచబడింది. నేను వంగి చూడలేనని తెలిసినవాళ్లే వెనక నుంచి తీస్తారు. మొన్న నీ కూతురు వాకిట్లో ఆడుకుంటుంటే, నీ భార్య వీపున దుప్పట్లో పిల్లను కట్టుకున్నట్టు ఏదో కట్టుకుని వాగు వైపు పోతోంది.

"పిల్ల ఇక్కడుంటే, వీపున ఎవరే?" అన్నాను.

"గుమ్మడికాయ అత్తయ్యా."

"ఎక్కడికి?"

"మా అమ్మ దగ్గరికి."

తడబడనైనా లేదు చూడు. తిన్నగా ఊరిపెద్ద దగ్గరికి పోయి దొంగతనమని చెప్పాను. ఆదివారం విచారణ. తప్పు తేలితే పుట్టింటికి పంపేస్తానని కూడా అన్నాను.

ఇంతవరకు సరిగ్గా రాసిందా అని మాతుమెలోను అడిగాను.

"దొంగ అన్నది కూడా రాసిందమ్మా. ఒక్క అక్షరమైనా మార్చలేదు."

"అదే నాకు అనుమానం" అన్నాను.

నిన్నటి సంగతి ఇంతదాకా దాచాను. రుజువు కోసం మాతుమెలోను వెంటబెట్టుకుని వాగు దాటి, మాలింపో వాళ్లమ్మ ఇంటికి పోయాను. కప్పు మీద మన గుమ్మడి ముక్కలు ఎండుతున్నాయి. వాళ్లమ్మ లోపలి నుంచి ఎండిన ముక్కల బస్తా ఒకటి ఈడ్చుకొచ్చింది.

"పట్టుకెళ్లు వదినా, మీవే. మంచు తగిలిన కాయలట. లోపల మెత్తబడుతుంటే, కుళ్లకముందే మా అమ్మాయి తెచ్చి కోసి ఎండేస్తోంది. ఒక్క ముక్క మా పిల్లల నోట పెట్టనివ్వలేదు."

నమ్మలేదు. ఇంటికొచ్చి, ఎలాగో వంగి, వెనక వరసలో మిగిలిన కాయ ఒకటి నొక్కాను. వేలు లోపలికి దిగింది. మంచు తగిలింది నేను కోయొద్దన్న రాత్రే.

ఆదివారం అందరి ముందూ ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను. అనుమానం మాత్రం తీరలేదు. మన కప్పు మీద ఎండ లేదా? నాతో ఒక్క మాట అనకుండా వాగు ఎందుకు దాటించినట్టు? ఇప్పుడే అడిగాను. తల ఎత్తకుండా రాస్తూనే ఉంది.

"నిజం చెబితే ఓర్చుకోలేని మనిషినా నేను? జవాబు చెప్పు. అది కూడా రాయి."

"అవును అత్తయ్యా" అంది.

రాసింది. మాతుమెలో చదివి వినిపించింది. ఆ మాట కొట్టేయమని నేను అనలేదు.

ఇట్లు,
నీ తల్లి మాపులెంగ్
(ఎడమ బొటనవేలి ముద్ర)

సాక్షులు:
మాతుమెలో, పక్కింటి మనిషి
మాలింపో, కోడలు, ఉత్తరం రాసినది