మోటబావి నక్షా

ఫిబ్రవరి 3
ఉప్పల్ పాత ఊరి సందుల్లో పొద్దుటి నడక. ముప్పై ఏళ్లు డ్రాయింగ్ ఆఫీసులో వాళ్లు చెప్పిన గోడలు గీశాను, రిటైరయ్యాక నాకు నచ్చినవి. ఒక డంగుసున్నం గోడ. దాని మీద ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంటు నీడ... అటుగా మెట్రో వెళ్తే గోడే కదిలినట్టు అనిపించింది.

ఫిబ్రవరి 6
నాచారం, మా కాలనీ పార్కు. వాకింగ్ ట్రాక్ వెనుక, కానుగల మధ్య మోటబావి. ఇన్నేళ్లూ దాని చుట్టూ తిరిగాను, ఒక్కసారీ తొంగి చూడలేదు. నీటిలోకి దిగే రాతి మెట్లు. మోట తాళ్లు ఒరుసుకుని అంచు రాతిలో పడిన గాట్లు. వేలు పెట్టాను. సరిగ్గా పట్టింది.

ఫిబ్రవరి 7
మబ్బు. బావిని గీశాను.

ఫిబ్రవరి 11
గేటుకు నోటీసు. బావి పూడ్చి, పైన పిల్లల ఆటస్థలం. అభ్యంతరం ఉంటే బావి కొలతల నక్షాతో సహా నెలాఖరులోగా వార్డు ఆఫీసులో ఇవ్వాలి. పార్కు ఊడ్చే అంజమ్మను అడిగాను.
"ఏమోనమ్మ, పెద్దసార్లు జూసుకుంటరు."
చీపురు ఆగలేదు.

ఫిబ్రవరి 15
కొలతలు. టేపు రెండో కొస పట్టుకోమని అంజమ్మను పిలిచాను. మోకాళ్ల నొప్పులంది. గేటు దాకా మాత్రం వడివడిగా నడిచింది.

ఫిబ్రవరి 20
నక్షా పూర్తయింది. పైన ఇనుప జాలీ వేస్తే చాలు, ప్రమాదం ఉండదు, బావీ ఉంటుంది — అర్జీలో అదే రాశాను. మధ్యాహ్నం కునుకు. కలలో పార్కంతా పొలం. బెంచీల మధ్య వరి. ఎద్దులు వెనక్కి వెనక్కి నడుస్తున్నాయి, నీళ్లు నా కాళ్ల దాకా...

ఫిబ్రవరి 24
వార్డు ఆఫీసు. గుమస్తా పాత ఫైలు తీశాడు.
"పూడ్పియ్యుమని అడిగింది కాలనీవోళ్లు గాదమ్మ. మీ పార్కు ఊడ్సే అంజమ్మ. ఆరేండ్ల సంది తిరుగుతున్నది."
కాగితం చివర వేలిముద్ర. అర్జీ ఇవ్వకుండానే వచ్చేశాను.

ఫిబ్రవరి 25
బెంచీ మీద అంజమ్మ. పక్కన కూర్చున్నాను. ఫైలు చూశానని చెప్పాను. బావి వైపు చూసింది.
"ప్లాట్లు గాకముందు గీ పొలం మాదేనమ్మ. మా నాయిన మోట కొడుతుండె. చెల్లె లచ్చిమి... ఏడేండ్లది. సూస్తుండుమని నాకు జెప్పి పోయిన్రు. నేను సింతకాయలు ఏరుకుంట ఉన్న. ఎనుకకు తిరిగి సూస్తె మెట్ల మీద లేదు."
అంతే. లేచి వెళ్తూ — "దినాం దీని సుట్టే ఊడుస్త."
నక్షా సంచిలోనే ఉంది. బయటికి తీయడానికి చేతులు రాలేదు.

ఫిబ్రవరి 27
తానే అడిగింది. "ఏం గీసినవో సూపియ్యమ్మ."
బెంచీ మీద పరిచాను. చదువు రాదు, కానీ వేలు నేరుగా గాట్లు పడిన అంచు రాళ్ల దగ్గరికి వెళ్లింది.
"మా నాయిన గీడ నిలవడుతుండె."
వేలు మెట్ల మీదుగా దిగింది. మెల్లగా. అయిదో మెట్టు దగ్గర ఆగింది.
"లచ్చిమి గీడ కూసుంటుండె. కాళ్లు నీళ్లల్ల పెట్టి."
పూడ్చాలా, ఉంచాలా — నేను అడగలేదు. తానూ చెప్పలేదు. కానుగ ఆకులు కాగితం మీద రాలుతుంటే ఒక్కొక్కటీ తీసేస్తూ కూర్చుంది.
"రెండు దినాలు నా దగ్గర ఉంచుకోనా?"
ఇచ్చాను.
గడువు రేపటితో ఆఖరు. నా దగ్గర ఇంకో నకలు లేదు.