యాదగిరి వంతు కల్లు

కొడుకా మల్లయ్యా,

బతికున్నప్పుడు నువ్వు పలక మీద నేర్పిన అక్షరాలతోనే ఇది రాస్తున్నాను. ఓడల ఫౌజులో చేరిన నీ కొడుకు యాదగిరి పోయిన పెద్దలకు పెట్టుకునే ఈ పెత్రమాసకు ఇంటికి వచ్చాడు. బొంబాయిలో పని నేర్చుకోవడం అయిపోయిందట. ఇంటివాళ్లను చూసి రమ్మని కొత్తవాళ్లకు సెలవిచ్చారు. వాడు తెల్లబట్టల్లో రామన్నపేటలో మోటారు దిగితే, ఎవరో దొర అనుకుని నేను పక్కకు జరిగాను.

నాకు ఫికరంతా సాక దగ్గరే. నీ పేర విస్తరి పెట్టి, నేల మీద కొంచెం కల్లు సాక పోసి, కొడుకు ఒక గుక్క తాగితేనే నీకు ముడుతుందని మన ఆనవాయితీ కదా. నీ తమ్ముడు నర్సయ్య ముంత అందిస్తే వాడు చేయి చాపలేదు.

“సెలవుల తాగొద్దని మాకు హుకుం, చిన్నాయినా. తెలిస్తే మల్ల ఇంటికి పంపరు.”

“ఓడెక్కెటోనికి ముంతెడు కల్లంటే గంత భయమా? గీడ నిన్నెవడు చూస్తడురా?”

“నువ్వు చూస్తలేవా?”

అందరూ నవ్వారు గానీ నాకు నవ్వు రాలేదు. తాగితే వాడు మళ్లీ రాలేడు, తాగకపోతే నువ్వు దూప తీరకుండానే తిరిగి పోతావు.

వాడు ముంత తీసుకుని నీ విస్తరి ముందు కూర్చున్నాడు. కల్లంతా నేల మీద పోశాడు.

“బాపూ, నా వంతు గూడ నువ్వే తాగు.”

“ఇగ మా అన్నను పట్టుడు కష్టమే,” అన్నాడు నర్సయ్య కళ్లు తుడుచుకుంటూ.

రేపు వాడు బయలుదేరుతాడు. సముద్రం మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు భయమే. అయినా బుద్ధిగా ఉంటే వచ్చే యేడు మళ్లీ సెలవిస్తారట. అప్పుడు రెండు ముంతలు తెప్పిస్తాను. ఒకటి ఇంట్లోవాళ్లకు, ఒకటి అచ్చంగా నీకే.

మీ అవ్వ