చెల్లి కంట్లో నా కాటుక

సిరిసిల్ల, మంగళవారం రాత్రి

చెల్లి కొన్న కాటుకను రసాయనాలని అరిచి పారేసింది నేనే. ఎవరో పంచిన కరపత్రంలో చదివినట్టు ఆముదం దీపం పెట్టి, మసి పట్టి, కాటుక చేసి దాని కళ్లకు దిద్దిందీ నేనే. ఇవాళ దాని కుడి కన్ను వాచి మూసుకుపోయింది.

వత్తికి వాడిన దారాన్ని మరమగ్గాల మీద పనిచేసే నాన్న వేళ్లతో నలిపి చూశాడు. "గిది పత్తి గాదు బిడ్డా, పాలిస్టర్. సాంచల మీది వేస్టు."

జగిత్యాల తీసుకెళ్తే అక్కడి కంటి డాక్టర్ ఇంకా మండిపడ్డాడు. "దారం ఏదైతేంది? కంట్ల మసి పెట్టుడే తప్పు. ఇంట్ల చేస్తే మంచిదని ఎవలు చెప్పిండ్రు?"

బయటికొచ్చాక చెల్లి, "అందరితోని లొల్లి పెట్టుకుంటవు, గాయన తిడితే గమ్మునున్నవేందే అక్కా?" అంది.

రెండు రోజులు చూద్దామన్నాడు డాక్టర్. ఇందాక చుక్కల మందు వేస్తుంటే, "కన్ను మంచిగైతది గదనే?" అని అడిగింది.

దాని చెంప మీదికి కారిన మందు తుడిచి, తర్వాతి చుక్కల కోసం ఫోన్‌లో అలారం పెట్టాను.