మీటరు లోపలికి పాతిన కర్రలు

హెల్వి గారికి,

మీరు మన రోడ్డు సంఘం అధ్యక్షురాలు కాబట్టి ఈ సంగతి నా నోటనే మీకు తెలియాలి. ముందుగా, మా ఆయన బాగానే ఉన్నారు. గుండెకు స్టెంటు వేశారు, గురువారం ఇంటికి పంపిస్తారట. కాఫీ పల్చగా ఉందని నిన్న నర్సును సాధించారు కూడా.

ఇక కర్రల గురించి. నేల గడ్డకట్టకముందే ఎవరింటి ముందు వాళ్లు రోడ్డు అంచున కర్రలు పాతాలని మన నియమం. మంచు కప్పేశాక వాటిని గుర్తుగా చూసుకునే కదా రెయినో బండితో రోడ్డు మీది మంచు పక్కకు తోసేది. పన్నెండేళ్లుగా నేను వాటిని మీటరు లోపలికి, రోడ్డు మీదే పాతుతున్నాను. తోసిన మంచు నా బెర్రీ పొదల మీద పడకూడదని. అయినా ఏటా కొమ్మలు విరుగుతూనే ఉంటే రెయినోను తిట్టుకునేదాన్ని.

ఆదివారం పొద్దున మా ఆయన ఛాతీ పట్టుకుని కూలబడ్డారు. అంబులెన్సుకు ఫోను చేశాక కర్రలు గుర్తొచ్చాయి. మీటరు తగ్గిన ఆ ఇరుకు దారిలో అంబులెన్సు పట్టదు, మొగుణ్ని నేనే చంపుకున్నాననుకున్నాను. తీరా అది నేరుగా వాకిట్లోకి వచ్చి ఆగింది.

మర్నాడు కర్రల సంగతి రెయినోను అడిగాను.

"మీ కర్రలా పెద్దమ్మా? మీరు పాతి లోపలికెళ్లగానే నేనొచ్చి మీటరు అవతలికి జరుపుతా. ఏటా ఇదే పని."

"ఒక్కసారైనా చెప్పలేదేంరా?"

"చెబితే రెండు మీటర్లు లోపలికి పాతుతారు."

వచ్చే ఏడాది సరిగ్గా అంచునే పాతుతాను. ఆ మాట రెయినోకు మీరే చెప్పండి, నేను చెబితే నమ్మడు. అలవాటు కొద్దీ ఇంకో మీటరు జరిపాడంటే నా పొదలు మంచు బండి కిందికే పోతాయి.

ఇట్లు,
మలుపు దగ్గర పసుపు ఇంటావిడ