భుజాల దగ్గర వదులు

శవపేటికలు చేసే మేస్త్రిగారికి నమస్కారాలు.

మీ దగ్గర పని నేర్చుకుంటున్న అమ్మాయికి మేనమామను. తల్లిలేని పిల్లను నేనే పెంచాను. వారంలో నాలుగు రోజులు మీ షాపులో పని, ఒకరోజు క్లాసు, నేర్చుకుంటున్నన్నాళ్లూ సగం జీతం అంటే ఎంత సంబరపడ్డానో! ఆఖరి పరీక్ష పాసైతే పర్మినెంటు అన్నారు. ఇప్పటికి రెండుసార్లు తప్పించారట. మూడోసారి కూడా తప్పితే ఇంటికేనట. పిల్ల అన్నం ముట్టడం లేదండీ. ఏం తప్పు చేసిందో కాస్త చెప్పండి.

ఇట్లు,
విధేయుడు, దర్జీ

తా.క. మీ వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగాలని రాయబోయి, ఆగాను.

*

దర్జీగారికి,

మా షాపులో పాత పద్ధతి ఒకటుంది. నేర్చుకునేవాళ్లు ఆఖర్న మేస్త్రి కొలతకే పెట్టె చెయ్యాలి, మేస్త్రి అందులో పడుకుని చూడాలి. భుజాలు ఇరుక్కోకూడదు, ఆడకూడదు. మీ అమ్మాయి చెక్కపనికి వంక పెట్టలేను. కానీ పెట్టె వదులు! మళ్లీ కొలుచుకోవే అంటే, తీసింది సరైనదేనని మొండికేసి పాత కొలతకే రెండోది చేసింది. మామూలు ఆర్డర్ల మధ్య చెయ్యాలి కనక దానికి మూడు నెలలు పట్టింది. తీరా చూస్తే మొదటిదానికంటే ఇంకా వదులు. కొలతే రానివాళ్లకి నేను సంతకం పెట్టను.

ఇట్లు,
మేస్త్రి

తా.క. వట్టి చెక్క మీద పడుకుని నడుం పట్టేసింది. అదీ మీ అమ్మాయి పుణ్యమే.

*

మేస్త్రీ,

'గారు' కావాలనే రాయలేదు. పలక పట్టకముందే టేపు పట్టిన పిల్లకి కొలత రాదా! మా ఇంట్లో ఒకసారి తీసిన కొలత మళ్లీ తియ్యం. అయినా ఒకే కొలతకి చేసిన రెండు పెట్టెల్లో ఒకటి ఇంకా వదులెలా అవుతుందయ్యా? అబద్ధానికైనా అంతుండాలి. సగం జీతానికి పూర్తి పని చేయించుకోవడం రుచి మరిగారు, అంతే. దమ్ముంటే మీకు సరిగ్గా పట్టే చొక్కా ఒకటి పంపండి. తేల్చేస్తాను.

ఇట్లు,
దర్జీ

తా.క. ఉతికి పంపండి.

*

దర్జీగారికి,

ఇదిగో చొక్కా. పోయినేడు కుట్టించుకున్నాను, చంకలో వేలు దూరదు. ఒకరి పొట్ట కొట్టాల్సిన ఖర్మ నాకేం పట్టలేదు. నా తర్వాత షాపు చూసుకునే మనిషి కావాలనే ఇంత తాపత్రయం. మూడో పెట్టె మొదలుపెట్టింది. చూద్దాం.

ఇట్లు,
మేస్త్రి

తా.క. ఉతికాను.

*

మేస్త్రీ,

దొరికిపోయారు! మీ చొక్కాకీ అమ్మాయి రాసుకున్న కొలతకీ దారప్పోగంత తేడా లేదు. ఆ క్లాసు నడిపేవాళ్లకి ఫిర్యాదు రాస్తున్నాను. చొక్కా తిప్పి పంపుతున్నా. తొడుక్కుని, ఆడపిల్ల ఉసురు పోసుకునే మొహం ఎలా ఉంటుందో అద్దంలో చూసుకోండి.

ఇట్లు,
దర్జీ

తా.క. గుండీ ఊడబోతుంటే కుట్టాను. పగ వేరు, పని వేరు.

*

దర్జీగారికి,

తొడుక్కుని చూసుకున్నాను. చొక్కా నా మీద వేలాడుతోంది. కసితో మీరే సాగదీశారని నోరారా తిట్టుకున్నాను. తర్వాత బీరువాలో ఉన్నవన్నీ తొడిగాను. అన్నీ అంతే. చిక్కిపోయావని చెప్పేందుకు ఇంట్లో ఎవరూ లేరు. పనిలోనేమో ఎప్పుడూ చొక్కా మీద గోనెసంచి లాంటి కోటు వేసుకునే ఉంటాను. ఆసుపత్రికి వెళ్లాను. ఏదో నోరు తిరగని పేరు చెప్పి, చాలా ఆలస్యం చేశావన్నారు. భయమేసింది.

మీ అమ్మాయి రెండు పెట్టెలూ సరిగ్గానే చేసింది. అవి పూర్తయ్యేలోగా నేనే తరిగిపోయాను. ఆ మాట చెప్తే బావురుమంది. నాకూ ఆగలేదు.

పాసైనట్టు సంతకం పెట్టేశాను. వచ్చే నెల నుంచి పూర్తి జీతం. పర్మినెంటు మనిషిగా మొదటి పని ఆ మూడో పెట్టె పూర్తిచెయ్యడమే. ససేమిరా ముట్టుకోనంటోంది. నా మాట వినడం లేదు, మీరే నచ్చజెప్పాలి.

ఇట్లు,
మేస్త్రి

తా.క. మీ ఇంటి పద్ధతి ఎలా ఉన్నా, ఈసారి కొలత మళ్లీ తీసుకోమనండి. తీసుకున్నాక కూడా, దానికంటే కాస్త తగ్గించే చెయ్యమనండి.